ఇసుక మింగిన చేపల ఇండ్లు

దశరథం మా పెద్దమ్మ కొడుకు. వయసులో నాకంటే పెద్ద. అయినా అన్నా అని పిలవడం ఎప్పుడో మానేశాను. పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. వాడింకా బతికే ఉన్నాడు కాబట్టి నాకా ఇబ్బంది లేదు.

మాది కోటగిరి దగ్గర, మంజీర ఒడ్డున నీలంపాడు. నిజాంసాగర్ కాలువ పారినప్పటి నుంచి ఊరి చుట్టూ చెరుకే. నరుకుడు మొదలైందంటే బోధన్ ఫ్యాక్టరీ దాకా బండ్ల బారు. ఆ రోజుల్లో ఇంట్లో ఒక్క చెయ్యి తక్కువైనా పని సాగదు. దశరథం ఉన్న ఇంట్లో ఎప్పుడూ రెండు చేతులు తక్కువే. చెరుకాకు కోసుకుంటుందని, ఒళ్లంతా దురదని, గట్టు మీద కూర్చుని బీడీ కాల్చేవాడు. వాడికి వచ్చిన విద్య ఒక్కటే, ఈత. నీళ్లలో దిగితే మాత్రం వాణ్ణి అందుకునేవాడు లేడు. రైతు ఇంట్లో పుట్టి వాన మొగులు వంక చూడడు, ఏటి వంక చూస్తాడని మా పెదనాన్న తల కొట్టుకునేవాడు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన ఏడు, సరిగ్గా నరుకుడు మొదలయ్యే వేళకు, బొంబాయి పారిపోయాడు. అప్పటికి పెళ్లయి ఏడాది కూడా కాలేదు. భార్య వసంతమ్మది వేల్పూరు, పసుపు పండించే ఇంటి బిడ్డ. మగడు లేని ఇంట్లో ఆమె కొంగు నడుముకు చుట్టి కత్తి పట్టింది. మామ నరికితే ఆమె మోపు కట్టింది. కొన్నాళ్లకు ఆమె నరికితే మామ మోపు కట్టాడు. అంత ముసలివాడైపోయాడు ఆయన, కొడుకు బొంబాయిలో ఉన్న ఆ కొన్నేళ్లలో.

తిరిగొచ్చినప్పుడు వాడి చేతిలో ఒక గుండ్రటి అద్దం ఉంది. రబ్బరు పట్టీతో ముఖానికి బిగించుకుంటే కళ్లూ ముక్కూ అందులో దాగిపోతాయి. ఊరంతా చూడవచ్చింది. తండ్రి దగ్గుతూ మంచంలో ఉంటే, వీడు అరుగు మీద అద్దం పెట్టుకుని కూర్చున్నాడు.

"సముద్రం అడుగుకు పోయిన నేను," అని మొదలుపెట్టాడు. "ఒడ్డుకు దగ్గర్నే పెద్ద పెద్ద బండలు, పగిలిన పడవలు ముంచి పెడ్తరు. చేపలకు ఇండ్లన్నట్టు. బండ సందుకో గుంపు. మనిషిని సూస్తే బెదరయి. మన వాకిట్ల కోళ్లు తిరిగినట్టు తిరుగుతయి. ఏం సప్పుడుండదు. నీ ఊపిరి సప్పుడే నీకు ఇనవడ్తది."

వాడు బొంబాయిలో నిజంగా చేసిన పనేమిటో తర్వాత ఇందల్వాయి మనిషి ఒకడు చెప్పాడు. వాడితో కలిసి పనిచేసినవాడే. ఓడల అడుగున పట్టిన పాచి, గుల్లలు గీకే పని. ఒకే ఒక్కసారి మేస్త్రీ వీళ్లను ఆ బండల దగ్గరికి దింపాడట, తెగిపోయిన తాడు వెతకడానికి. ఆ ఒక్కసారి చూసింది మాత్రం అబద్ధం కాదు. ఆ మాట చెప్పేటప్పుడే వాడి గొంతు తగ్గేది. మిగతా అన్ని మాటలకూ పెరిగేది.

వినేవాడు దొరికితే వాడికి కడుపు నిండేది. మా ఊళ్లో వినేవాళ్లకు కొదవ లేదు. చెరుకు ఫ్యాక్టరీకి పోయాక నెలల తరబడి పనిలేని జనం. అందులోనూ సర్పంచ్ రాజేశ్వర్‌కు కొత్త ముచ్చట్లంటే ప్రాణం. పక్క ఊరికి లేనిది ఏదైనా సరే తన ఊరికి ఉండాలి. అది రోడ్డయినా సరే, రోగమయినా సరే.

"మన మంజీరల పెడ్దామా దశరథం, చేపల ఇండ్లు?" అన్నాడు రాజేశ్వర్.

"పెడ్దాం. జిల్లా మొత్తం మన ఊరికే వస్తది, సూడు," అన్నాడు వీడు.

ఊరికి కిందుగా మంజీరలో ఒక మడుగు ఉండేది. ఎండాకాలం కూడా నీళ్లు నిలిచేవి. వలలు వేసి బతికే గంగపుత్రులకు అదే దిక్కు. వాళ్ల పెద్ద హన్మండ్లు. మాట తక్కువ, పౌరుషం ఎక్కువ. బండలు మోయడానికి వాళ్లనే పిలిచారు, చేపలు పెరిగితే బాగుపడేది మీరేనని చెప్పి. వాళ్లు నమ్మి వచ్చారు. కాలువ పనిలో పగిలి పక్కన పడేసిన సిమెంటు తూములు, అరిగిపోయిన చెరుకు గానుగ రోలర్లు, చిల్లులు పడ్డ బెల్లం పెనాలు, విరిగిన బండి చక్రాలు, గుట్ట నుంచి తెచ్చిన బండలు, ఏది దొరికితే అది మడుగులోకి దొర్లించారు.

ఎక్కడ దొర్లించాలనే దగ్గర ఒక మాట నడిచింది. హన్మండ్లు మడుగు నడుమకు చెయ్యి చూపించాడు.

"ఒడ్డుకు ఇంత దగ్గరెందుకు పటేలా? లోపటికి తోద్దాం."

"లోపట పెడ్తే ఎవలు సూస్తరు?" అన్నాడు దశరథం. "నేను మునిగేది, తేలేది జనానికి కనవడొద్దా?"

చూడండి, అదీ సంగతి. చేపల కోసం కట్టినవి కావు ఆ ఇండ్లు. ఒడ్డున ఎత్తుగా ఒక దిబ్బ ఉంది, పదిమంది కూర్చోడానికి వీలుగా. దాని ముందే, జనం ముందు రంగస్థలం కట్టినట్టు, సామానంతా ముంచాడు. వరద వచ్చిన ప్రతిసారీ మంజీర ఏ ఒడ్డున ఇసుక పోస్తుందో మా ఊళ్లో అందరం చూసినవాళ్లమే. ఒక్కరమూ నోరు విప్పలేదు. తమాషా ముందర బుద్ధి ఎవడికి కావాలి?

మొదటి రెండేళ్లు బాగా సాగింది. కాదనను. తూముల నిండా జెల్లలు, బండల కింద కొర్రమట్టలు. వాడు అద్దం బిగించుకుని దిగేవాడు, ఇక రాడేమో అనిపించేంత సేపుండి, చేత్తో పట్టిన చేపను నెత్తి మీదికెత్తి తేలేవాడు. దిబ్బ మీద జనం చప్పట్లు. రుద్రూరు నుంచి, బోధన్ నుంచి, పండుగ పూట నిజామాబాద్ నుంచి కూడా వచ్చేవారు. రాజేశ్వర్ వాళ్లకు కుర్చీలు వేయించేవాడు. ఇంట్లో వసంతమ్మ వాళ్లకు చాయ కాచేది. తండ్రి చనిపోయిన నెలలో కూడా ఆ చాయ ఆగలేదు.

అంతవరకైనా ఓర్చుకునేవాళ్లం. ఒకరోజు హన్మండ్లు ఎప్పటిలాగే మడుగులో వల వేస్తే, వీడు ఒడ్డున నిలబడి కేకలేశాడు.

"ఎవన్నడిగి ఏసినవురా వల? నా చేపలు బెదురుతయి!"

"నీ చేపలా?" అన్నాడు హన్మండ్లు. "బండలు మోసింది మా భుజాలు పటేలా. ఏరు నీదెట్లయింది?"

దశరథం బొడ్లోంచి కత్తి తీశాడు. నీళ్లలో దిగి, కత్తితో వల నిలువునా కోసేశాడు. ఎండాకాలమంతా హన్మండ్లు భార్య చంద్రవ్వ గుడిసె నీడలో కూర్చుని అల్లిన వల అది. రాజేశ్వర్ పంచాయితీ పెట్టాడు. పెట్టి, ఊరి పేరు కోసం గంగపుత్రులు ఆ మడుగు జోలికి పోవద్దని తీర్పు చెప్పాడు. చేపలు వాళ్లవి, ఏరు వాళ్లది, బతుకు వాళ్లది. పేరు మాత్రం మాది. పంచాయితీలో కూర్చున్న పెద్దరైతులంతా తలలూపారు. వాళ్ల తలలు ఎప్పుడూ అందుకే ఉన్నాయి.

హన్మండ్లు ఆ రోజు చినిగిన వలను భుజాన వేసుకుని, దశరథం ముందు నేల మీద ఉమ్మి వెళ్లిపోయాడు. తర్వాత వాళ్లు ఎగువకు పోయి, మోకాలి లోతు నీళ్లలో చిన్న పరక చేపలు పట్టుకుని బతికారు.

ఆ తర్వాతి వానాకాలం పెద్ద వరద వచ్చింది. నిజాంసాగర్ గేట్లు ఎత్తారని కబురు వచ్చిన మర్నాటికే మంజీర ఊరి మెట్ల దాకా పొంగింది. కొన్ని రోజులు పారి, తగ్గి, ఎర్రటి నీళ్లతో పక్కకు ఒదిగింది. దశరథం అద్దం పెట్టుకుని మడుగులో దిగాడు. దిబ్బ మీద మేము చూస్తూనే ఉన్నాం. చాలాసేపటికి తేలాడు. చేతిలో ఏమీ లేదు. ముఖం పాలిపోయి ఉంది.

"ఎట్లున్నయిరా?" అని అరిచాడు రాజేశ్వర్.

"ఉన్నయి," అన్నాడు. "అన్ని ఉన్నయి. నీళ్లు కలకగున్నయి, గంతే."

ఏమీ లేవు. తూముల నోళ్లు మూసుకుపోయాయి. రోలర్లు, చక్రాలు, బండలు అన్నిటి మీదా ఇసుక పరుచుకుంది. ఒడ్డుకు దగ్గరగా ముంచిన సామానంతా వరద ఇసుకను పట్టి ఆపింది. ఆగిన ఇసుక ఇంకింత ఇసుకను ఆపింది. వాడు చేపలకు కట్టిన ఇండ్లే మడుగును పూడ్చాయి. ఆ సంగతి వాడు వసంతమ్మకు ఒక్కదానికే చెప్పాడట, అన్నం ముందు కూర్చుని, ముద్ద కలుపుకోకుండా.

"అయితే అయింది," అన్నదట ఆమె. "రేపట్నుంచి చేన్లకు రా."

చేనుకు వచ్చేవాడైతే ఇంత కథ ఎందుకు? బోధన్ అంగట్లో బతికున్న చేపను బకెట్లో పెట్టి అమ్ముతారు. దాన్ని కొని తెచ్చే పని భార్యకు పెట్టాడు. తెల్లవారకముందే ఆ చేపను మూతికి గుడ్డ కట్టిన కుండలో వేసి ఏట్లో దించి గుర్తు పెట్టుకునేవాడు. తెల్లారి ఎవరైనా వస్తే మునిగి, గుడ్డ విప్పి, చేపతో తేలేవాడు. కొనుక్కున్న చేపను ఏట్లో పెట్టి, ఏట్లోంచి తీసి చప్పట్లు కొట్టించుకునే మనిషి మా వంశంలో పుట్టాడు. ఊరికి తెలియదా అంటే, తెలుసు. వసంతమ్మ తడి సంచితో కోటగిరి దారిన నడిచి రావడం ఎవరు చూడలేదు? ఆమెకు ఎదురుపడితే తల తిప్పుకునేవాళ్లం. ఆమె కూడా మాతో మాట్లాడేది కాదు.

ఆ చలికాలం రాజేశ్వర్ పెద్ద ఏర్పాటే చేశాడు. జిల్లా ఆఫీసర్లు వస్తున్నారు, మెచ్చుకుంటే ఇంకో రెండు మూడు ఊళ్లలో ఇలాంటివే పెట్టిస్తారు. దిబ్బ మీద పందిరి వేశారు. మామిడాకులు కట్టారు. ఆఫీసర్లు వచ్చి కుర్చీల్లో కూర్చున్నారు. దశరథం ఒంటికి నూనె రాసుకుని, అద్దం బిగించుకుని, పహిల్వాన్‌లా నడిచి నీళ్లలోకి పడ్డాడు.

కాసేపటికి తేలాడు, ఉత్త చేతులతో.

"నీళ్లు సల్లగున్నయి సార్. చేపలు లోపటికి పోయినయి. ఇంకోపారి సూస్త."

మళ్లీ మునిగాడు. మళ్లీ ఉత్త చేతులే. ఈసారి ఏదో చెప్పబోయి దగ్గాడు. అప్పుడే మాలో కొందరికి అర్థమైంది. కుండను కూడా ఇసుక తినేసింది. వాడు నీళ్ల అడుగున చేతులతో తడుముతూ కుండను వెతుకుతున్నాడు. ఒక ఆఫీసర్ గడియారం చూసుకున్నాడు. రాజేశ్వర్ నవ్వుతూనే చెమటలు తుడుచుకుంటున్నాడు. వెనకాల ఎవడో కిసుక్కుమన్నాడు.

మూడోసారి మునిగినవాడు రాలేదు. అలలు సద్దుమణిగాయి. బుడగలు ఆగిపోయాయి. దిబ్బ మీద మాటలు కూడా ఆగిపోయాయి. అయినా ఒక్కడూ లేవలేదు.

వసంతమ్మ చేతిలోని చాయ గ్లాసుల పళ్లెం కింద పెట్టింది. దిబ్బ దిగింది. చీర కుచ్చెళ్లు పైకి దోపి నీళ్లలో అడుగుపెట్టింది. పుట్టి బుద్ధెరిగి ఆమెకు ఈత రాదు. ఆగమని ఎవరో అరిచారు. ఆమె నడుస్తూ పోయింది. నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి. ఇంకొంత దూరం పోయింది. తొడల దాకా వచ్చాయి. దశరథం మునిగిన చోటుకు చేరి నిలబడితే, నీళ్లు ఆమె నడుము దగ్గరే ఆగిపోయాయి.

జిల్లా అంతా చూడవచ్చిన లోతు అది. వాడు బురద నీళ్లలో, ఇసుక మీద, బోర్లా పడుకుని ఉన్నాడు.

ఆమె వంగి, జుట్టు పట్టి వాణ్ణి పైకి లాగింది. వాడు నీళ్లు కక్కాడు. అద్దం జారి మెడలో వేలాడింది.

"సచ్చిపోతవా ఏంది?" అన్నది ఆమె. ఆమె గొంతు వణకడం దిబ్బ దాకా వినిపించింది. "లే. ఇంటికి పోదాం. లే అంటున్న."

ముందు ఆఫీసర్లలో ఒకాయన నవ్వాడు. తర్వాత రాజేశ్వర్ నవ్వాడు, తనకు ముందే తెలియనట్టు. తర్వాత ఊరంతా నవ్వింది. భర్త చచ్చిపోయాడేమో అనే భయంతో నీళ్లలో దిగిన మనిషిని చూసి నవ్విన ఊరు మాది. దశరథం గురించి ఎంత హీనంగా చెప్పినా, ఆ రోజు దిబ్బ మీద కూర్చున్న మేము వాడికంటే ఎత్తులో ఉన్నది దిబ్బ వల్లే.

ఆ తర్వాత వాడి వైభవం అయిపోయింది. అద్దాన్ని ఎక్కడ పారేశాడో తెలియదు. చేనుకు రావడం మొదలుపెట్టాడు, అదీ వసంతమ్మ వెనకాల, ఆమె నరికింది ఏరుకుంటూ. కానీ పిచ్చి వదల్లేదు. ఎండాకాలం ఏరు సన్నబడితే పార పట్టుకుని ఆ ఇసుకలో తవ్వేవాడు. తవ్విన గుంత సాయంత్రానికి పూడేది. మళ్లీ తవ్వేవాడు. ఏం చేస్తున్నావురా అంటే, "తూములు తీసి ఈసారి నడుమల పెడ్త," అనేవాడు. ఒక్కడు కూడా సాయం పోలేదు. పైగా దారిన పోయేవాళ్లు, "చేపలు దొరికినయా పటేలా, కూరకు?" అని అడిగేవాళ్లు. ఆ మాట ఎక్కువగా అడిగింది హన్మండ్లే. ఆయనకు అడిగే హక్కు ఉంది. మిగతావాళ్లకు లేదు. అయినా అడిగేవాళ్లు.

డెబ్బై రెండు కరువు మా ఊరి మీద బాగా పడింది. కాలువ ఎండింది, చెరుకు నిలువునా ఎండింది, బావులు అడుగంటాయి. చివరికి అందరం మంజీర ఇసుకలో చెలిమలు తవ్వుకుని గిన్నెలతో నీళ్లు తోడుకున్నాం. పాత మడుగు చోటే కాస్త తడి ఉండేది. హన్మండ్లు అక్కడ అందరికంటే లోతుగా తవ్వాడు. ఒకరోజు పార ఖంగుమంది. తూము. దాన్ని పెకిలిస్తే కింద ఊట దొరుకుతుందని గుంతలోకి దిగి, తూమును ఊపాడు.

అటు పక్క ఇసుక గోడ ఒక్కసారిగా జారింది. ఛాతీ దాకా కూరుకుపోయాడు. చంద్రవ్వ గుండెలు బాదుకుంటూ ఉరికింది. మేము పదిమంది ఉరికాం. అంచుకు పోగానే మా బరువుకు ఇంకొంత జారి మెడ దాకా వచ్చింది. వెనక్కి గెంతాం. తాళ్లు తెండి, పలకలు తెండి అని అరుస్తున్నాం. అరవడం ఒక్కటే చేశాం.

దశరథం ఎప్పుడొచ్చాడో చూడలేదు. అంచు దగ్గర బోర్లా పడుకుని, పాములా జారి గుంతలోకి పోయాడు. హన్మండ్లు ముఖానికీ జారే ఇసుకకూ నడుమ అడ్డంగా పడుకున్నాడు. ఇసుక వాడి వీపు మీద పడుతోంది. వాడు రెండు చేతులతో హన్మండ్లు గొంతు దగ్గరి ఇసుకను తోడి పక్కకు వేస్తున్నాడు. భుజాలు మునిగాయి, వాడివి. చెవుల దాకా వచ్చింది. అయినా చేతులు ఆగలేదు.

"ఊపిరి పట్టు," అంటున్నాడు. "కొంచెం కొంచెం ఇడువు. నన్ను సూడు. ఉసికెను సూడకు."

తాళ్లు వచ్చాయి. హన్మండ్లు చంకల కింద తాడు వాడే వేశాడు. మేము లాగాం. హన్మండ్లు బయటపడ్డాక వాణ్ణి లాగితే, వాడి గోళ్లు లేచిపోయి వేళ్ల నిండా నెత్తురు. వసంతమ్మ వచ్చి, నోట్లోంచి ఇసుక తీసి, కొంగుతో ముఖం తుడిచింది. అంతసేపు వాడు మాట్లాడకుండా ఉండడం నేను చూడటం అదే మొదలు.

అక్కడితో ఆగి ఉంటే, నేనీ రోజు వాణ్ణి అన్నా అని పిలిచేవాణ్ణి.

చేతులకు కట్టిన గుడ్డలు విప్పకముందే మొదలుపెట్టాడు. బస్సు దిగినవాడికి చెప్పాడు. ఫ్యాక్టరీ గేటు దగ్గర బండ్లవాళ్లకు చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ గుంత లోతు పెరిగింది. కొన్నాళ్లకు హన్మండ్లు నెత్తి మీద నిలువెత్తు ఇసుక ఉంది. ఇంకొన్నాళ్లకు హన్మండ్లు ప్రాణం పోయి, వీడు ఊపిరి ఊదితే తిరిగొచ్చింది. బొంబాయి సముద్రంలో నేర్చిన విద్య అట. పెళ్లిళ్లలో, బారసాలల్లో, హన్మండ్లును పదిమంది ముందుకు పిలిచి, "చెప్పరా, ఎట్లనిపించింది?" అని అడిగేవాడు. హన్మండ్లు తల వంచుకుని నిలబడేవాడు. వల కోసినప్పుడు ఉమ్మిన మనిషి, ప్రాణం పోసినవాడి ముందు ఉమ్మలేక మింగేవాడు.

"వాని చేతుల బతికేకన్నా ఆ ఉసికెల పోవుడే మేలుండె," అని ఒకసారి నాతో అన్నాడు. అని, వెంటనే చుట్టూ చూసుకున్నాడు.

ఆ మాట ఎవరో దశరథానికి మోశారు. వాడు నొచ్చుకోలేదు. పైగా సంతోషించినట్టే ఉన్నాడు. అప్పటి నుంచి ఆదివారం పూట, పొద్దు నడినెత్తికి వచ్చే వేళకు, వాళ్ల గుడిసెకు పోవడం అలవాటు చేసుకున్నాడు. ఒకసారి నేను పని మీద పోతే కళ్లారా చూశాను. వాడు వాకిట్లో నడుమన కూర్చున్నాడు. చంద్రవ్వ చేపల పులుసు వడ్డిస్తోంది. కళ్లలో భక్తి లేదు, కోపం లేదు. ఇంటికి వచ్చినవాడికి పెట్టాలి కాబట్టి పెడుతోంది.

"ఉప్పు తక్కువైంది చంద్రవ్వా," అన్నాడు దశరథం వేళ్లు నాకుతూ.

ఆమె లేచి ఉప్పు తెచ్చి పళ్లెం పక్కన పెట్టింది. హన్మండ్లు మూలన, మాకు వీపు పెట్టి, గోడ వైపు తిరిగి కూర్చుని తింటున్నాడు.